వలయ గ్రహణం: 'ఎప్పుడు' తేలిక, 'ఎక్కడ' చిక్కు

2019 డిసెంబర్ 26 ఉదయం తొమ్మిదిన్నర ప్రాంతంలో కోయంబత్తూరులో గ్రహణం కళ్లద్దాలు పెట్టుకుని తలెత్తినవాళ్లకు సూర్యుడు ఉంగరంలా కనిపించాడు. ఇంచుమించు అదే వేళకు చెన్నైలో చూసినవాళ్లకు కనిపించింది నెలవంక. రెండు ఊళ్ల మధ్య దూరం రైల్లో ఒక రాత్రి ప్రయాణం. సూర్యుడు అదే, చంద్రుడు అదే, రోజు కూడా అదే. అయినా ఒక ఊరికి వలయ గ్రహణం దక్కింది, ఇంకో ఊరు పాక్షికంతో సరిపెట్టుకుంది.

గ్రహణం వార్త వచ్చినప్పుడల్లా తేదీ, సమయం సెకన్లతో సహా ఇస్తారు. ఎక్కడ అనేసరికి మాత్రం 'మన దేశంలో కనిపిస్తుంది' అనో, 'కనిపించదు' అనో ఒక్క ముక్కలో తేల్చేస్తారు. చిక్కంతా ఆ ముక్కలోనే ఉంది. గ్రహణం దేశాల సరిహద్దులు చూసుకుని రాదు. సన్నటి పట్టీ ఒకటి భూమి మీద పాకుతూ పోతుంది. దాని లోపల ఉన్నవాళ్లకే ఉంగరం. బయట వేల కిలోమీటర్ల దాకా ఉన్న మిగతా అందరికీ కొరికిన సూర్యుడే.

ఉదాహరణకి ఒక గ్రహణాన్ని పట్టుకుందాం. 2031 మే 21, బుధవారం. అంగోలా దగ్గర సూర్యోదయం వేళ మొదలయ్యే ఈ వలయ గ్రహణం జాంబియా, కాంగో, టాంజానియాల మీదుగా వచ్చి, హిందూ మహాసముద్రం దాటి, కేరళలో కొచ్చి దగ్గర ఒడ్డెక్కుతుంది. మధురై మీదుగా తమిళనాడు దాటి, శ్రీలంక ఉత్తరాన జాఫ్నాను తాకి, బంగాళాఖాతం మీంచి మలేషియా, ఇండోనేషియాల వైపు పోతుంది. అన్నిటికన్నా ఎక్కువసేపు ఉంగరం నిలిచే చోటు లక్షద్వీప్ దగ్గరి సముద్రంలో ఉంది. అక్కడ 5 నిమిషాల 26 సెకన్లు. మన టైము ప్రకారం అప్పటికి సుమారు మధ్యాహ్నం 12 గంటల 45 నిమిషాలు. కొచ్చి, మధురైలకు వచ్చేసరికి ఒంటిగంట దాటుతుంది. చెన్నై, బెంగళూరు, హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం అన్నీ పట్టీ బయటే. వీటన్నిటికీ పాక్షికమే.

ఇంతకీ ఉంగరమెందుకు? సూర్యుణ్ణి చంద్రుడు పూర్తిగా ఎందుకు కప్పలేకపోతాడు?

ఒక గుండ్రటి లైటు ముందు సీసా మూత పట్టుకుని, ఒక కన్ను మూసి చూడండి. మూత కంటికి దగ్గరగా ఉంటే లైటు మొత్తం మాయమవుతుంది. చెయ్యి చాపుతూ పోతే ఒకచోట మూత, లైటు సరిగ్గా సరిపోతాయి. ఇంకాస్త చాపితే మూత చుట్టూ వెలుగు అంచు బయటపడుతుంది. వలయ గ్రహణం ఆ 'ఇంకాస్త'లోనే ఉంది. సూర్యుడు చంద్రుడి కన్నా దాదాపు 400 రెట్లు పెద్ద, దూరం కూడా దాదాపు అన్నే రెట్లు. అందుకే రెండూ ఆకాశంలో ఇంచుమించు ఒకే సైజులో కనిపిస్తాయి. ఆ 'ఇంచుమించు' ఎటు మొగ్గుతుందన్నది చంద్రుడు ఆ రోజు ఎంత దూరంలో ఉన్నాడన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆ దూరం సుమారు 3 లక్షల 57 వేల కిలోమీటర్ల నుంచి 4 లక్షల 7 వేల కిలోమీటర్ల దాకా మారుతుంటుంది.

ఇదే విషయాన్ని నీడ వైపు నుంచి చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. చంద్రుడి వెనక పడే ముదురు నీడ బజ్జీలు పెట్టిచ్చే కాగితం పొట్లంలా సన్నబడుతూ పోయి ఒక మొనలో ఆగిపోతుంది. ఆ నీడ పొడవు సగటున 3 లక్షల 73 వేల కిలోమీటర్లు. చంద్రుడి సగటు దూరమేమో 3 లక్షల 84 వేలు. అంటే మామూలు రోజుల్లో నీడ మొన భూమిని అందుకోదు, గాల్లోనే ముగిసిపోతుంది. సంపూర్ణ గ్రహణాల కన్నా వలయ గ్రహణాలు ఎక్కువ కావడానికి కారణం ఇదే. క్రీ.పూ. 2000 నుంచి క్రీ.శ. 3000 వరకు ఐదు వేల ఏళ్లకు లెక్కగట్టిన 11,898 సూర్యగ్రహణాల్లో వలయాలు 3,956, సంపూర్ణాలు 3,173. సంపూర్ణ గ్రహణానికి ఉన్న గ్లామర్ దీనికి లేదు కాబట్టి మనం దీన్ని తక్కువగా చూస్తాం గానీ, అంకెల్లో ఇదే ముందుంది.

2031 మే 21న చంద్రుడు భూమికి సుమారు 4 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంటాడు. నీడ మొన సముద్ర మట్టానికి దాదాపు 16 వేల కిలోమీటర్ల పైనే ఆగిపోతుంది. మొన దాటాక నీడ అంచుల గీతలు ఒకదాన్నొకటి దాటుకుని మళ్లీ విచ్చుకుంటాయి. ఆ విచ్చుకున్న భాగం నేలను తాకే చోటే మన ఉంగరం పట్టీ. ఎంత విచ్చుకుంటుందో చెప్పడానికి చిన్న భాగాహారం చాలు. ఆ రోజుల్లో సూర్యుడి దూరం సూర్యుడి వ్యాసానికి దాదాపు 109 రెట్లు. కాబట్టి ఏ చోటైనా 109 కిలోమీటర్లు పోతే ఒక కిలోమీటరు విచ్చుకుంటుంది. పదహారు వేలను 109తో భాగించండి, దాదాపు 147 వస్తుంది. శాస్త్రవేత్తలు ఇచ్చిన పట్టీ వెడల్పు 152 కిలోమీటర్లు. కాగితం మీద చేసిన లెక్కకు ఇంత దగ్గరగా రావడం నాకైతే ఎప్పుడు చూసినా ముచ్చటేస్తుంది. ఈ 109ని గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ పని పడుతుంది.

ఇప్పుడు 'ఎప్పుడు' సంగతి. ప్రతి అమావాస్యకీ చంద్రుడు సూర్యుడి వైపుకే వస్తాడు. అయినా ప్రతి అమావాస్యకీ గ్రహణం రాదు. చంద్రుడి దారి, ఆకాశంలో సూర్యుడు నడిచే దారికి సుమారు 5 డిగ్రీలు వాలి ఉంటుంది. చాలాసార్లు నీడ భూమికి పైనుంచో కిందనుంచో దాటిపోతుంది. రెండు దారులూ కలుసుకునే బిందువులు రెండున్నాయి, వాటికే మన జ్యోతిశ్శాస్త్రం రాహువు, కేతువు అని పేర్లు పెట్టింది. అమావాస్య వేళ సూర్యుడు ఆ బిందువుల్లో ఒకదానికి దగ్గరగా ఉంటేనే గ్రహణం. సుమారు 173 రోజులకోసారి అలాంటి సీజను వస్తుంది.

ఈ లయలన్నీ కలిసి మళ్లీ మొదటికి రావడానికి 18 ఏళ్ల 11 రోజుల 8 గంటలు పడుతుంది. లీపు ఏళ్లను బట్టి రోజు అటూ ఇటూ అవుతుంది. దీన్ని సారోస్ చక్రం అంటారు. అమావాస్య తిరిగొస్తుంది, రాహుకేతు బిందువులు తిరిగొస్తాయి, చంద్రుడి దూరం కూడా దాదాపు పాత లెక్కకే వస్తుంది. అంటే ఒక గ్రహణం తన పోలికలతో సహా మళ్లీ పుడుతుంది. మనం చెప్పుకుంటున్న 2031 గ్రహణానికి అన్న 2013 మే 10న, పెద్దన్న 1995 ఏప్రిల్ 29న వచ్చారు. అన్నీ వలయాలే.

మరి అవెక్కడ కనిపించాయి? 1995లో పెరూ, ఈక్వెడార్, బ్రెజిల్ దేశాల్లో. 2013లో ఆస్ట్రేలియాలో, పసిఫిక్‌లో. 2031లో మన దక్షిణ కొసన. ఇంత తేడా తెచ్చింది చక్రం చివర్లో మిగిలిన ఆ 8 గంటలే. 8 గంటల్లో భూమి మూడో వంతు తిరిగేస్తుంది. చంద్రుడు చెప్పిన టైముకే వచ్చాడు, కానీ కింద నేల జరిగిపోయింది. ప్రతి తరం గ్రహణమూ వంద డిగ్రీలకు పైగా పడమటికి జరుగుతుంది. మూడు చక్రాలు కలిపితే ఆ ఎనిమిది గంటలు ఒక పూర్తి రోజవుతాయి, అప్పుడు దాదాపు పాత దిక్కుకే వస్తుంది. 2010 జనవరి 15న కన్యాకుమారి, ధనుష్కోటిల మీదుగా పోయిన వలయ గ్రహణం వేరే సారోస్ కుటుంబానిది. దానిలో ఉంగరం గరిష్ఠంగా నిలిచింది 11 నిమిషాల 8 సెకన్లు, ఈ సహస్రాబ్దిలో అంతకన్నా పొడవైన వలయం ఇంకోటి లేదు. 54 ఏళ్ల తర్వాత, 2064 ఫిబ్రవరి 17న, ఆ కుటుంబం మళ్లీ హిందూ మహాసముద్రం వైపే, మన దేశం వైపే వస్తుంది. మధ్యలో 2028లో అమెరికా ఖండం, అట్లాంటిక్ వైపు తిరిగొస్తుంది.

భూమి తిరగడం ఇంకో పని కూడా చేస్తుంది. ఉంగరం ఎంతసేపు నిలుస్తుందో తేల్చేదీ అదే. చంద్రుడి నీడ గంటకు 3,300 కిలోమీటర్లకు పైగా వేగంతో పడమటి నుంచి తూర్పుకి దూసుకుపోతుంది. భూమి తిరిగేదీ అటే. భూమధ్యరేఖ దగ్గర ఆ వేగం గంటకు దాదాపు 1,670 కిలోమీటర్లు. కదిలే బస్సు పక్కనే అదే వైపుకి మనమూ పరిగెడితే అది మనల్ని దాటడానికి ఎక్కువసేపు పడుతుంది కదా, అలాగే. 152 కిలోమీటర్ల నీడ 5 నిమిషాల 26 సెకన్లలో దాటింది అంటే, నేల మీద దాని వేగం గంటకు 1,680 కిలోమీటర్లే. మిగతా సగం భూమి మింగేసింది. భూమి తిరగకుండా నిలబడి ఉంటే ఉంగరం మూడు నిమిషాలైనా నిలిచేది కాదు.

ఉంగరమా, పూర్తి చీకటా అన్నది కూడా కొన్నిసార్లు మనం నిలబడ్డ చోటును బట్టి మారిపోతుంది. నీడ మొన సరిగ్గా భూమి దాకా వచ్చి ఊగిసలాడే గ్రహణాలు కొన్ని ఉన్నాయి. భూమి గుండ్రంగా ఉంటుంది కాబట్టి నడిమి ప్రాంతం చంద్రుడికి కొన్ని వేల కిలోమీటర్లు దగ్గర, సూర్యుడు ఉదయించే చోటు, అస్తమించే చోటు దూరం. అందుకే ఒకే గ్రహణం మధ్యలో సంపూర్ణంగా, రెండు కొసల్లో వలయంగా కనిపిస్తుంది. వీటిని మిశ్రమ గ్రహణాలు అంటారు. 2023 ఏప్రిల్ 20న వచ్చింది అలాంటిదే. 2031లోనే నవంబర్ 14న పసిఫిక్ మీద ఇంకోటి వస్తుంది. 'ఈ గ్రహణం ఏ రకం?' అని అడిగితే 'మీరెక్కడ?' అని ఎదురు అడగాల్సిన గ్రహణం ఇది.

లెక్కల్లో నిజంగా అనుమానం మిగిలేది కూడా ఈ 'ఎక్కడ' దగ్గరే. చంద్రుడు ఎక్కడున్నాడో మనకు చాలా కచ్చితంగా తెలుసు. అపోలో యాత్రికులు అక్కడ వదిలొచ్చిన అద్దాల మీదికి లేజర్ కొట్టి ఆ దూరాన్ని కొలుస్తున్నారు. చంద్రుడు ఏటా 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడన్న సంగతి తేలింది అలాగే. భూమి మాత్రం అంత నమ్మకస్తురాలు కాదు. సముద్రపు ఆటుపోట్ల వల్ల మెల్లమెల్లగా నెమ్మదిస్తోంది, లోపలి కదలికల వల్ల మధ్యమధ్యలో కాస్త తడబడుతుంది కూడా. భూమి తిరుగుడులో ఒక్క సెకను తేడా వస్తే భూమధ్యరేఖ దగ్గర గ్రహణ మార్గం దాదాపు అర కిలోమీటరు పక్కకు జరుగుతుంది. నిమిషం తేడా వస్తే దాదాపు 28 కిలోమీటర్లు. నాలుగైదేళ్ల తర్వాతి గ్రహణానికి దీనివల్ల వచ్చే ఇబ్బంది ఏమీ లేదు. వెయ్యేళ్ల తర్వాతి గ్రహణానికి ఉంది. తేదీ చెప్పొచ్చు, చంద్రుడి దూరం చెప్పొచ్చు, ఏ ఊరి మీదుగా పోతుందో మాత్రం గట్టిగా చెప్పలేం.

వెనక్కి చూసినా ఇదే కథ. క్రీ.పూ. 136 ఏప్రిల్ 15న బాబిలోన్‌లో (ఇప్పటి ఇరాక్) సంపూర్ణ సూర్యగ్రహణం చూశామని అక్కడివాళ్లు మట్టి పలకల మీద రాసిపెట్టారు. భూమి అప్పుడూ ఇప్పటంత వేగంతోనే తిరిగిందనుకుని లెక్కవేస్తే, ఆ నీడ బాబిలోన్‌కు నాలుగు వేల కిలోమీటర్లకు పైగా పడమటగా పడాలి. పలక అబద్ధం కాదు. ఈ రెండు వేల ఏళ్లలో రోజు పొడవు పెరిగింది, శతాబ్దానికి రెండు మిల్లీసెకన్ల లోపే. కానీ లక్షల రోజుల మీద ఆ చిల్లర అంతా కూడితే గంటలయింది. భూమి ఎంత నెమ్మదించిందో ఈనాటి శాస్త్రవేత్తలకు చెప్పిన సాక్షుల్లో ఆ పలక రాసిన మనిషీ ఒకడు. అతను చెప్పింది కూడా 'నేను ఇక్కడ ఉన్నాను, చీకటి పడింది' అనే.

రాబోయే మిగతా వలయాల సంగతి క్లుప్తంగా. 2027 ఫిబ్రవరి 6న చిలీ, అర్జెంటీనాల మీదుగా అట్లాంటిక్ దాటి ఐవరీ కోస్ట్ నుంచి నైజీరియా దాకా, గరిష్ఠం 7 నిమిషాల 51 సెకన్లు. 2028 జనవరి 26న గాలపాగోస్, ఈక్వెడార్, పెరూ, బ్రెజిల్, చివర్లో పోర్చుగల్, స్పెయిన్. గరిష్ఠం 10 నిమిషాల 27 సెకన్లు. జనవరిలో వచ్చే వలయాలు పొడుగ్గా ఉండటానికి కారణం ఉంది. ఆ నెల మొదట్లో భూమి సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరగా ఉంటుంది కాబట్టి సూర్యుడు కాస్త పెద్దగా కనిపిస్తాడు, ఉంగరం మందం పెరుగుతుంది. స్పెయిన్ అదృష్టం చూడండి: 2026 ఆగస్టు 12న, 2027 ఆగస్టు 2న రెండు సంపూర్ణాలు, ఆ వెంటనే సూర్యాస్తమయం వేళ ఈ వలయం. 2029లో నాలుగు గ్రహణాలున్నా అన్నీ పాక్షికాలే. 2030 జూన్ 1న అల్జీరియా నుంచి గ్రీస్, టర్కీ, రష్యాల మీదుగా జపాన్ ఉత్తర దీవి దాకా ఇంకోటి. ఆ తర్వాతే మన 2031.

ఒక చోట నిలబడి వలయ గ్రహణం కోసం ఎదురుచూస్తే సగటున రెండు వందల ఏళ్లకు పైగా పడుతుందని లెక్క. కేరళ, తమిళనాడుల దక్షిణ భాగానికి మాత్రం 2010, 2019, 2031 అంటూ ఇరవై రెండేళ్ల లోపే మూడు పట్టీలు వచ్చి పడుతున్నాయి. సగటు అన్నమాటను ఎంతవరకు నమ్మాలో దీన్ని బట్టే తెలుస్తుంది.

చూడటం గురించి ఒక్క హెచ్చరిక గట్టిగా చెప్పాలి. సంపూర్ణ గ్రహణంలో సూర్యుడు పూర్తిగా కప్పబడి ఉన్న ఆ కొద్ది నిమిషాలు మాత్రం ఉత్త కళ్లతో చూడొచ్చు. వలయ గ్రహణంలో అలాంటి క్షణం ఒక్కటీ ఉండదు. 2031లో చంద్రుడి వెడల్పు సూర్యుడి వెడల్పులో 95.9 శాతం. వైశాల్యానికి మారిస్తే 92 శాతం కప్పినట్టు, 8 శాతం మిగిలినట్టు. 'ఎనిమిదే కదా' అనిపిస్తుంది. నిండు సూర్యుడు పున్నమి చంద్రుడి కన్నా దాదాపు 4 లక్షల రెట్లు వెలుగునిస్తాడు. అందులో 8 శాతమంటే 32 వేల పున్నములు. వెలుతురు వింతగా పలచబడుతుంది గానీ చీకటి పడదు. ఐఎస్ఓ 12312-2 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉన్న గ్రహణం కళ్లద్దాలు గానీ, 14వ నంబరు వెల్డింగు అద్దం గానీ కావాలి. ఎక్స్‌రే ఫిల్ములు, కూలింగ్ గ్లాసులు, మసి పూసిన గాజు పనికిరావు. కళ్లద్దాలు ఉన్నాయి కదా అని వాటితో బైనాక్యులర్లలోంచి చూస్తే ఇంకా ప్రమాదం.

కళ్లద్దాలు లేకపోయినా చూసే దారి ఉంది, 109 మళ్లీ పనికొచ్చేది ఇక్కడే. అట్టముక్కకు సూదితో చిల్లు పెట్టి, నేలకు మీటరు ఎత్తులో పట్టుకుంటే కింద సూర్యుడి బొమ్మ పడుతుంది. వెడల్పెంత? మీటరును 109తో భాగిస్తే 9 మిల్లీమీటర్లు. ఉంగరం మందం అందులో ఒక్కో వైపు 2 శాతమే, అంటే వెంట్రుకకు కాస్త ఎక్కువ. చిల్లు ఏమాత్రం పెద్దదైనా ఉంగరం అలుక్కుపోయి చుక్కలా కనిపిస్తుంది. చాలామంది 'నేను చేశాను, ఏమీ రాలేదు' అనేది ఇందుకే. దూరం పెంచాలి. చిన్న అద్దానికి కాగితం అంటించి, మధ్యలో అర సెంటీమీటరు రంధ్రం ఉంచి, ఎండను ఒక చీకటి గది గోడ మీదికి కొట్టండి. అద్దం నుంచి గోడ 25 మీటర్లుంటే బొమ్మ 23 సెంటీమీటర్లు వస్తుంది, ఉంగరం మందం దాదాపు అర సెంటీమీటరు. ఇంటిల్లిపాదీ గోడ వైపు తిరిగి చూడొచ్చు. అద్దంలోకి మాత్రం ఎవరూ తొంగిచూడకూడదు.

ఇక మబ్బులు. కేరళకు రుతుపవనాలు వచ్చే మామూలు తేదీ జూన్ 1. మే 21 నాటికే ఆ తీరంలో మధ్యాహ్నపు మబ్బులు మొదలై ఉంటాయి. పడమటి కనుమలు దాటి తూర్పుకి వస్తే ఆ రోజుల్లో గాలి పొడిగా ఉంటుంది. అందుకని కొచ్చి కన్నా మధురై వైపు నాకు నయమనిపిస్తుంది, జాఫ్నా కూడా మంచి చోటే. పట్టీ మధ్యగీతకు దగ్గరగా ఉంటే ఐదు నిమిషాలు దాటి ఉంగరం దక్కుతుంది. అంచుకు పోయేకొద్దీ సెకన్లు రాలిపోతాయి, కానీ మధ్య నుంచి ఇరవై, ముప్ఫై కిలోమీటర్లు అటూ ఇటూ జరిగినంత మాత్రాన పోయేది కొంచెమే. కాబట్టి ముందురోజు రాత్రి ఉపగ్రహ చిత్రంలో మబ్బుల తీరు చూసుకుని, పొద్దున్నే బండెక్కి పట్టీ వెంబడే తెరిపి ఉన్న చోటికి జరగడానికి వీలుగా దిగే ఊరును ఎంచుకోవడం మంచిది.